ఆల్టర్నేటరుకు చోటెక్కడ? సొంతంగా కట్టుకునే కార్లలో బ్రాకెట్ల మార్పు

కర్మాగారం నుంచి తయారై వచ్చిన కారును కొనడానికి బదులు, ఇంటి వెనక షెడ్డులో సొంత చేతులతో కారు కట్టుకునే అలవాటు బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాలలో బాగా వేళ్లూనుకుంది. కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఈ అలవాటుకు పెద్ద ఊతమిచ్చింది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను తప్పేది కాబట్టి, మధ్యతరగతి యువకులు ఎందరో దానికి మొగ్గుచూపారు. 1973లో ఆ నమూనా హక్కులు కేటరమ్ సంస్థకు చేరాయి. 1996లో రాన్ చాంపియన్ రాసిన ఒక పుస్తకాన్ని హేన్స్ సంస్థ ప్రచురించింది. కేవలం 250 పౌండ్ల ఖర్చుతో అటువంటి కారును ఎవరికి వారే ఎలా కట్టుకోవచ్చో అది వివరించింది. దాని ప్రకారం పుట్టిన కార్లకు లోకాస్ట్ అనే పేరు స్థిరపడింది. అంగుళం, అంటే దాదాపు 25 మిల్లీమీటర్ల, చదరపు ఉక్కు గొట్టాలను కోసి, వెల్డింగు చేసి చాసిస్ తయారు చేయడం, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ వంటి ఒక కారు నుంచి ఇంజిను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు విప్పి తెచ్చి దానిలో కూర్చోబెట్టడం ఈ పద్ధతిలోని సారం. అలా భాగాలు ఇచ్చే పాత కారును దాత కారు అంటారు.

చాసిస్ గొట్టాల కొలతలు, వెల్డింగు మెళకువలు అందరూ శ్రద్ధగా నేర్చుకుంటారు; కాని ఇంజినును తొలిసారి చాసిస్‌లోకి దించిన రోజున ఎదురయ్యే చిక్కు తరచుగా మరొక చోట ఉంటుంది. ఇంజిను పడుతుంది, దాని పక్కన వేలాడే ఆల్టర్నేటరు పట్టదు. దాత కారు బానెట్ వెడల్పుగా ఉన్నందున ఆ ఇంజినును రూపొందించినవారు ఆల్టర్నేటరును ధారాళంగా పక్కకు పెట్టారు. సెవెన్ తరహా కారు ముక్కు సన్నగా ఉంటుంది, ఇంజినుకు రెండు వైపులా గొట్టాలు సాగుతాయి, వాటి మధ్యనుంచే స్టీరింగు కడ్డీ కిందికి దిగుతుంది, బానెట్ రేకు ఇంజిను నెత్తికి ఆనుకునేంత తక్కువ ఎత్తులో ఉంటుంది. ఈ ఇరుకులో ఆల్టర్నేటరును పైకో, కిందికో, లోపలికో జరపాలి. జరపాలంటే దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టును, అంటే ఇంజిను దిమ్మెకు బోల్టులతో బిగించే లోహపు పట్టీని, మార్చాలి. చూడడానికి ఇది ఒక చిన్న రేకు ముక్క పని. కాని సొంతంగా కట్టిన కారు నడిరోడ్డు మీద ఆగిపోవడానికి ఈ చిన్న ముక్క చాలు, అందుకే దీని వెనక ఉన్న శాస్త్రాన్ని నిదానంగా తెలుసుకోవడం అవసరం.

ఇంజిను తన ప్రధాన పనితో పాటు మరికొన్ని యంత్రాలను కూడా తిప్పుతుంది. బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు, నీటిని రేడియేటరుకు తోసే వాటర్ పంపు, స్టీరింగును తేలిక చేసే పంపు, ఏసీ కంప్రెసరు వీటిలో ముఖ్యమైనవి. వీటిని ఇంజిను అనుబంధ భాగాలు అనవచ్చు. ఇంజిను ముందు భాగంలో క్రాంక్‌షాఫ్టు కొనకు ఒక పుల్లీ ఉంటుంది, ప్రతి అనుబంధ భాగానికీ ఒక పుల్లీ ఉంటుంది, వీటన్నింటినీ చుట్టివచ్చే రబ్బరు బెల్టు ఒకదాని తిరుగుడును మరొకదానికి అందిస్తుంది. తెలుగు నేల మీద ట్రాక్టర్లు, లారీలు బాగుచేసే షెడ్లలో ఈ బెల్టును ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అని, ఆల్టర్నేటరును డైనమో అని పిలుస్తారు. నిజమైన డైనమోలు మరుగునపడి ఎన్నో ఏళ్లయింది, చాలా కార్లలో ఫ్యాను కరెంటుతో తిరుగుతోంది, అయినా ఆ పాత పేర్లు నిలిచే ఉన్నాయి.

అసలు ఏ భాగాన్ని ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడం మొదటి నిర్ణయం. ఐదారు వందల కిలోల బరువుండే సెవెన్ తరహా కారుకు స్టీరింగు పంపు అక్కర్లేదు, పైకప్పే లేని కారుకు ఏసీ అక్కర్లేదు. అయితే పాత ఇంజిన్లలో ఒక్కో భాగానికి వేరు బెల్టు ఉండేది కాబట్టి అక్కర్లేనిదాన్ని బెల్టుతో సహా తీసేస్తే సరిపోయేది. తరువాతి ఇంజిన్లలో ఒకే పొడవాటి బెల్టు పాములా మెలికలు తిరుగుతూ అన్ని పుల్లీలనూ చుట్టుతుంది. దానిలో ఒక భాగాన్ని తీసేస్తే బెల్టు దారి మొత్తం మారిపోతుంది, మిగిలిన పుల్లీలను అది చుట్టుకునే తీరు కూడా మారుతుంది. అందుచేత తీసేసిన కంప్రెసరు ఉన్న చోటనే, అదే కొలతగల, బేరింగు మీద ఊరికే తిరిగే పుల్లీని ఒక చిన్న బ్రాకెట్టు మీద నిలపడం చాలా సందర్భాలలో అన్నింటికంటే సురక్షితమైన మార్గం.

ఉంచదలచిన భాగానికి చోటు వెతికేటప్పుడు కొత్తవారికి సహజంగా తోచే ఆలోచన ఒకటుంది: ఇంజిను పక్కన చోటు లేదు, చాసిస్ గొట్టం మాత్రం ఎదురుగానే ఉంది, ఆల్టర్నేటరును ఆ గొట్టానికే బిగిస్తే సరిపోదా? సరిపోదు. ఇంజిను చాసిస్ మీద రబ్బరు దిమ్మెల ఆధారంతో కూర్చుంటుంది, యాక్సిలరేటరు తొక్కిన ప్రతిసారీ ఒక పక్కకు ఒరుగుతుంది, వదలగానే వెనక్కి వస్తుంది. క్రాంక్ పుల్లీ ఇంజినుతో పాటు కదిలి, ఆల్టర్నేటరు చాసిస్‌తో పాటు నిలిచి ఉంటే, వాటి మధ్య దూరం క్షణక్షణం మారుతూ బెల్టు ఒకసారి తీగలా బిగుసుకుంటుంది, మరొకసారి వదులై జారుతుంది. బెల్టుతో తిరిగే ప్రతి భాగమూ ఇంజిను దిమ్మెకే బిగిసి, ఇంజినుతో పాటే ఊగాలి. దీనికి మినహాయింపు ఇవ్వవలసిన సందర్భం ఈ తరహా కార్లలో లేదనే చెప్పాలి. బెల్టు అవసరమే లేని కరెంటు వాటర్ పంపునో, కరెంటు స్టీరింగు మోటారునో మాత్రం ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

రెండో నియమం మరింత కఠినమైనది. బావి గిరక మీద చేదతాడు పక్కకు లాగితే గాడి అంచును ఒరుసుకుని పీచులు లేస్తుంది. బెల్టుకు కూడా అదే గతి పడుతుంది. బెల్టు చుట్టే పుల్లీలన్నీ ఒకే తలంలో, అంటే బల్ల మీద పరిచిన నాణేలలాగా ఒకే సమతలం మీద, ఉండాలి. ఆ తలాన్ని నిర్ణయించేది క్రాంక్ పుల్లీ. దాని చోటు మన చేతిలో లేదు. కాబట్టి ఆల్టర్నేటరును ఆ తలంలోనే పైకి, కిందికి, కుడికి, ఎడమకు జరపవచ్చు గాని, ముందుకు గాని వెనక్కి గాని వెంట్రుకవాసి కూడా ఇష్టం వచ్చినట్టు జరపకూడదు. మామూలు వి ఆకారపు బెల్టు అర డిగ్రీ వరకు వంకరను ఓర్చుకుంటుందని సాధారణంగా చెబుతారు. రెండు పుల్లీల మధ్య 300 మిల్లీమీటర్ల దూరం ఉన్నప్పుడు అర డిగ్రీ అంటే రెండున్నర మిల్లీమీటర్ల తేడా మాత్రమే. పొడవునా సన్నని గాళ్లు ఉండే బల్లపరుపు బెల్టుకు ఇంకా తక్కువ సహనం ఉంటుంది. దాని గాళ్ల మధ్య దూరమే 3.56 మిల్లీమీటర్లు, అందువల్ల తేడా కొంచెం పెరిగితే బెల్టు ఒక గాడి పక్కకు దూకి కూర్చుంటుంది.

ఈ నియమం ఎంత దూరం వెళుతుందో అమెరికాలో ఇంటి కార్లకు విరివిగా వాడే జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ ఇంజిన్ల చరిత్ర చక్కగా చూపుతుంది. 1997 కార్వెట్‌తో వచ్చిన ఈ ఇంజిను కుటుంబాన్ని తరువాత కమారోలోనూ ట్రక్కులలోనూ వాడారు; దిమ్మె దాదాపు ఒకటే అయినా ముందున్న బెల్టు తలం మూడు రకాలుగా ఉంది. కార్వెట్‌లో బెల్టు ఇంజినుకు అన్నింటికంటే దగ్గరగా నడుస్తుంది, కమారోలో దానికంటే సుమారు 19 మిల్లీమీటర్లు ముందుకు, ట్రక్కులో సుమారు 38 మిల్లీమీటర్లు ముందుకు ఉంటుంది. పాత సామాను దుకాణంలో చవకగా దొరికిందని ట్రక్కు ఇంజినును తెచ్చి, దానికి కార్వెట్ ఆల్టర్నేటరు బ్రాకెట్టు బిగిస్తే బోల్టు రంధ్రాలు కలుస్తాయి, బెల్టు కలవదు. బ్రాకెట్టు, వాటర్ పంపు, క్రాంక్ పుల్లీ మూడూ ఒకే కుటుంబానివి కావాలి, లేదా ఆ తేడాకు సరిపోయే దిమ్మను లేత్ మీద తిప్పించుకోవాలి. రంధ్రాలు కలిశాయన్న సంబరంలో ఈ తేడాను గమనించకుండా ముందుకు వెళ్లడం చాలా సులభం.

తలాన్ని కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గోడ వరుస సరిచూసే తాపీమేస్త్రీ నూలు దారం పట్టినట్టే, క్రాంక్ పుల్లీ ముఖానికి తిన్నని ఇనుప బద్దను ఆనించి, అది ఆల్టర్నేటరు పుల్లీని రెండు అంచులలోనూ ఒకే విధంగా తాకుతున్నదా లేదా అని చూస్తే ముందు వెనుకల తేడా, వాలు రెండూ తెలిసిపోతాయి. పుల్లీల అంచు మందాలు వేరువేరుగా ఉండవచ్చు కాబట్టి గాడి నుంచి గాడికి కొలవడం మేలు. లోహాన్ని కోయడానికి ముందు బ్రాకెట్టు రూపాన్ని మందపాటి అట్టతోనో ప్లైవుడ్‌తోనో తయారు చేసి బిగించి చూసినవారికి రెండోసారి లోహం కొనవలసిన అవసరం సాధారణంగా రాదు.

తలం కుదిరాక చూడవలసినది చుట్టుకోణం. పుల్లీ చుట్టుకొలతలో ఎంత భాగాన్ని బెల్టు అంటిపెట్టుకుని ఉంటుందో తెలిపే కొలతను ఈ పేరుతో చెప్పవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ పేరుతో నిలిచిన ఒక సూత్రం ప్రకారం, బెల్టు జారకుండా మోయగల బరువు ఈ కోణం పెరిగేకొద్దీ వేగంగా పెరుగుతుంది. పడవను ఒడ్డున కట్టే తాడు గుంజకు ఒక చుట్టు చుడితే జారేది, మూడు చుట్లు చుడితే కదలకపోవడానికి కారణం కూడా ఇదే. రెండు పుల్లీలే ఉన్నాయనుకుని ఒక లెక్క చూడవచ్చు. క్రాంక్ పుల్లీ వ్యాసం 140 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటరు పుల్లీ వ్యాసం 56 మిల్లీమీటర్లు, వాటి కేంద్రాల మధ్య దూరం 280 మిల్లీమీటర్లు అయితే చిన్న పుల్లీ మీద చుట్టుకోణం దాదాపు 163 డిగ్రీలు. చోటు కోసం ఆల్టర్నేటరును లోపలికి తెచ్చి దూరాన్ని 160 మిల్లీమీటర్లు చేస్తే అది 150 డిగ్రీలకు దిగుతుంది. ఈ తగ్గుదల భరించదగినదే. కాని మూడో పుల్లీని తీసేసినందువల్ల కోణం 100 డిగ్రీల దరిదాపులకు పడిపోతే, చల్లని ఉదయం ఇంజిను మొదలుపెట్టగానే బెల్టు కీచుమని అరవడం మొదలవుతుంది, ఆ అరుపును ఆపడానికి బెల్టును అతిగా బిగించడం, దానితో ఆల్టర్నేటరు బేరింగు అరగడం వరుసగా జరిగిపోతాయి.

పుల్లీల కొలతను మార్చేటప్పుడు వేగాన్ని కూడా లెక్కించాలి. పైన చెప్పిన కొలతలలో ఆల్టర్నేటరు ఇంజిను కంటే రెండున్నర రెట్లు వేగంగా తిరుగుతుంది. ఇంజిను నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే ఆల్టర్నేటరు 17,500 చుట్లు తిరుగుతుంది. మామూలు కారు ఆల్టర్నేటర్లు తట్టుకునే హద్దుకు అది చాలా దగ్గర. పోటీ పందేల కోసం ఇంజినును ఇంకా వేగంగా తిప్పేవారు చిన్న క్రాంక్ పుల్లీ పెట్టుకోవడానికి ఇదే కారణం.

తిరిగే దిశ విషయంలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. బెల్టు లోపలి ముఖం తాకే పుల్లీలన్నీ క్రాంక్‌షాఫ్టు దిశలోనే తిరుగుతాయి, వీపు తాకే పుల్లీ ఎదురు దిశలో తిరుగుతుంది. పాములా మెలికలు తిరిగే బెల్టు అమరికలలో వాటర్ పంపును తరచుగా వీపుతోనే తిప్పుతారు, ఆ పంపు లోపలి రెక్కలను ఎదురు దిశకు తగినట్టే వంచుతారు. బెల్టు దారిని సరళం చేసే ఉత్సాహంలో దాన్ని లోపలి ముఖంతో తిప్పితే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం సరిగా కదలదు, ఇంజిను వేడెక్కుతుంది. రేడియేటరును, థర్మోస్టాట్‌ను ఎన్నిసార్లు మార్చినా తప్పు ఎక్కడుందో తెలియదు.

ఇక బ్రాకెట్టు తయారీకి వస్తే, ఎక్కువమంది దాన్ని బలం దృష్టితోనే చూస్తారు: విరగకపోతే చాలని అనుకుంటారు. నిజానికి అక్కడ ముందుగా కావలసినది వంగకపోవడం, అంటే దృఢత్వం. బలమూ దృఢత్వమూ వేరు. చేపల గాలపు కర్ర విరగదు గాని వంగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిను ఒక్కో చుట్టుకు రెండుసార్లు కుదుపునిస్తుంది, కాబట్టి నిమిషానికి 6,000 చుట్ల వేగంలో ఆ కుదుపులు సెకనుకు 200 చొప్పున వస్తాయి. ఐదారు కిలోల ఆల్టర్నేటరును పలుచని పట్టీ చివర వేలాడదీస్తే దానికి కూడా ఊయలకు ఉన్నట్టే ఒక సహజమైన ఊపు ఉంటుంది. ఇంజిను కుదుపుల లెక్కా ఈ ఊపు లెక్కా ఎక్కడో ఒక వేగం దగ్గర కలిస్తే, సమయానికి తోసిన ఊయలలాగా ఊపు పెరిగిపోతుంది. దీన్నే భౌతికశాస్త్రంలో అనునాదం అంటారు. ఆ వేగంలో కొన్ని గంటలు నడిస్తే లోహం అలసిపోయి, బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుక లాంటి పగులు మొదలై, ఒకనాడు బ్రాకెట్టు తెగిపోతుంది. దీనికి విరుగుడు బ్రాకెట్టును ఇంజిను కుదుపుల లెక్కకు అందనంత దృఢంగా చేయడమే.

దృఢత్వాన్ని పెంచడానికి మందం అన్నింటికంటే గొప్ప సాధనం, ఎందుకంటే పలక వంగకుండా నిలిచే గుణం దాని మందపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది: 6 మిల్లీమీటర్ల పలక బదులు 10 మిల్లీమీటర్ల పలక వాడితే దృఢత్వం నాలుగున్నర రెట్లకు మించుతుంది. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు మాత్రమే దృఢమైనది గనుక, అదే మందంతో ఉక్కు బదులు అల్యూమినియం పెట్టడం తప్పు. కాని మందాన్ని దాదాపు 1.44 రెట్లు చేస్తే దృఢత్వం సమానమై, బరువు సగానికి తగ్గుతుంది. మందం కంటే కూడా మేలైన ఉపాయం ఆకారంలో ఉంది. ఒంటి కాలి మీద నిలిచిన పందిరికీ త్రికోణంగా ఊతం పెట్టిన పందిరికీ ఎంత తేడా ఉందో, ఇంజిను దిమ్మె మీద ఒకే చోట బిగించిన పట్టీకీ, దూరదూరంగా ఉన్న మూడు చోట్ల పట్టు దొరికిన బ్రాకెట్టుకూ అంతే తేడా ఉంటుంది.

అల్యూమినియం బ్రాకెట్టును వెల్డింగు చేయాలనుకునేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి: వేడిచికిత్సతో గట్టిపరచిన అల్యూమినియం పలకలు వెల్డింగు వేడి తగిలిన చోట తమ బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటాయి. ఒకే మందపాటి పలక నుంచి కోసి, వెల్డింగు లేకుండా బోల్టులతో కూర్చితే ఈ బాధ ఉండదు. వెల్డింగు మీదనే చేయి తిరిగినవారికి మెత్తని ఉక్కే మంచిది.

దిమ్మెకు బిగించే చోటు విషయంలో కర్మాగారంలో ముందే మరలు కోసి ఉన్న రంధ్రాలనే వాడుకోవాలి. ఆ పక్కన కొత్త రంధ్రం తొలిస్తే పోత ఇనుము వెనక నీళ్ల గది ఉండవచ్చు, ఆ దిమ్మె ఇక పనికిరాకపోవచ్చు. దూరం సరిపెట్టడానికి వాషర్లను దొంతరగా పేర్చడం అందరూ చేసే పని, ఎవరూ చేయకూడని పని. ప్రతి వాషరు మధ్య కొంత సర్దుబాటు జరిగి బోల్టు బిగువు సడలుతుంది. అదే మందానికి లేత్ మీద తిప్పించిన ఒకే గొట్టపు బుష్‌కు అయ్యే ఖర్చు స్వల్పం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట పని తెలిసిన లేత్ మేస్త్రీకి అది కాసేపటి పని.

ఆల్టర్నేటరు చెవుల గురించి కూడా చెప్పుకోవాలి. ముందు ఒకటి, వెనక ఒకటి ఉండే ఈ చెవులు పోత అల్యూమినియంతో చేసినవి. రెండు చెవుల మధ్య దూరానికీ బ్రాకెట్టుకూ ఒక మిల్లీమీటరు ఖాళీ ఉన్నా, బోల్టు బిగించగానే చెవి వంగి, కొన్నాళ్లకు తెగిపోతుంది. పాత లూకాస్ ఆల్టర్నేటర్లలో వెనక చెవికి జారే బుష్ అమర్చడంలోని తెలివి ఇదే: బోల్టు బిగుస్తున్నకొద్దీ బుష్ జరిగి ఖాళీని పూడుస్తుంది, చెవి మీద భారం పడదు. కొత్త బ్రాకెట్టు చేసేవారు ఆ ఖాళీని కొలిచి పూడ్చకుండా బిగించకూడదు.

విద్యుత్తు వైపు చూస్తే బ్రాకెట్టుకు మరొక పని ఉన్నట్టు తెలుస్తుంది. చాలా ఆల్టర్నేటర్లలో కరెంటు తిరిగి వచ్చే దారి దాని ఒంటి లోహమే, అంటే ఆ కరెంటు బ్రాకెట్టు గుండానే దిమ్మెకు చేరుతుంది. అందంగా ఉండాలని బ్రాకెట్టుకు అన్ని వైపులా మందంగా రంగు పూస్తే ఆ దారి మూసుకుపోయి బ్యాటరీ సరిగా నిండదు. బోల్టు ఆనే చోట లోహాన్ని శుభ్రంగా గీకి ఉంచాలి, ఇంజిను నుంచి చాసిస్‌కు మందపాటి ఎర్తు తీగ వేయాలి. బ్యాటరీ నుంచి ఆల్టర్నేటరుకు వచ్చే లావు తీగలో తాళం తిప్పకపోయినా కరెంటు ఉంటుంది. జరిపిన ఆల్టర్నేటరు చాసిస్ గొట్టానికి దగ్గరైతే, ఇంజిను ఒరిగినప్పుడల్లా ఆ తీగ గొట్టాన్ని రాసుకుని, పైపొర అరిగి, మంటలు లేచే ప్రమాదం ఉంది. కదిలే ఇంజినుకూ కదలని గొట్టానికీ మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచడం, స్టీరింగు కడ్డీ దగ్గర అంతకంటే ఎక్కువ ఉంచడం మంచిది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారును విడిగా పరీక్షించి రోడ్డు మీదకు అనుమతించే పద్ధతి ఉంది. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. ఇక్కడ సొంతంగా వాహనం కట్టే అవకాశం ఎక్కువగా ఇంజినీరింగు విద్యార్థులకు బాహా, సుప్రా వంటి ఎస్‌ఏఈ ఇండియా పోటీలలో దొరుకుతుంది. బైకు ఇంజిన్లతో చేసే పోటీ కార్లలో ఆల్టర్నేటరు ఇంజిను గర్భంలోనే ఉంటుంది కాబట్టి పై చిక్కులలో చాలా భాగం వారికి ఎదురుకావు. కాని దృఢత్వం, అనునాదం, బోల్టు పట్టు వారి చాసిస్‌లోని ప్రతి బ్రాకెట్టుకూ వర్తిస్తాయి.

కొత్త బ్రాకెట్టు బిగించాక బెల్టు పొడవాటి భాగం నడిమిన బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాలన్నది వి బెల్టులకు పాత మెకానిక్కులు పాటించే కొలత. కొత్త బెల్టు మొదటి కొన్ని గంటల్లో సాగుతుంది, కొత్త బోల్టులు మొదటి వేడికి సర్దుకుంటాయి. కాబట్టి తొలి 100 కిలోమీటర్ల తరువాత రెండింటినీ మళ్లీ సరిచూడాలి. అంతవరకు దాత కారు పాత బ్రాకెట్టును కోయవద్దు, పారేయవద్దు. బెల్టు తలం ఎక్కడుండాలో తెలిపే నమ్మకమైన కొలత ఆ ఇంటి షెడ్డులో దాని దగ్గర మాత్రమే ఉంటుంది.